గోదారి పుట్టింట ద్రాక్షతోట

గోదావరి అనగానే మీ కళ్ళముందు ఏం కదులుతుంది? 'మూగమనసులు'లో పడవ, 'అందాల రాముడు'లో లాంచీ, శేఖర్ కమ్ముల 'గోదావరి'లో భద్రాచలం ప్రయాణం... రాజమండ్రి వంతెన, పాపికొండలు, కంటికి ఆననంత నీళ్ళు! మన వెండితెర మీద ఇన్నేళ్ళుగా నటిస్తూ, ఇంకా వన్నె తగ్గని హీరోయిన్ ఎవరయ్యా అంటే గోదారమ్మ పేరే చెప్పాలి. అయితే ఆ తల్లి పుట్టిల్లు మనలో ఎంతమంది చూశారు?

మహారాష్ట్రలో నాసిక్ పట్నానికి ముప్ఫై కిలోమీటర్ల లోపే త్ర్యంబకేశ్వర్. పన్నెండు జ్యోతిర్లింగాల్లో ఒకటి. ఆ ఊరి వెనక బ్రహ్మగిరి కొండ మీద పుట్టిన సన్నటి ధార 1,465 కిలోమీటర్లు నడిచి, మన దగ్గరికొచ్చేసరికి మహానది అవుతుంది. పుట్టింట్లో మాత్రం ఇంకా గౌను తొడుక్కున్న పిల్లే. ఆ పిల్ల ఆడుకునే గట్ల మీద ఇరవయ్యేళ్ళుగా ఒక కొత్త రకం యాత్ర సాగుతోంది. శివుడి కోసం వచ్చే జనం ఒకవైపు, ద్రాక్షతోటలు చూసి వైన్ రుచి చూడటానికి వచ్చే జనం ఇంకోవైపు!

"సినిమా పత్రికలో మందు కబుర్లేమిటండీ?" అని మొహం చిట్లించకండి. మన ఊళ్ళల్లో 'వైన్స్' అని పెద్ద బోర్డు ఉన్న షాపుకెళితే తేలిగ్గా దొరకనిది ఏదైనా ఉంటే అది వైనే! మనం చెప్పుకోబోయేది సీసా గురించి కాదు. ఆ సీసా వెనకున్న తోట గురించి, తోట వెనకున్న కుటుంబం గురించి.

ముక్కు కోసిన ఊళ్ళో ముక్కుకే పని

సికింద్రాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నిజామాబాద్ దాటాక బాసర దగ్గర గోదావరిని దాటుతుంది. అక్కణ్ణుంచి నాందేడ్, ఔరంగాబాద్, మన్మాడ్ మీదుగా నాసిక్ రోడ్. అంటే సగం దారి నుంచీ మనం నదికి ఎదురు ప్రయాణం చేస్తున్నామన్నమాట. ముంబయి నుంచైతే రోడ్డు మీద నూట డెబ్భై కిలోమీటర్ల లోపే.

నాసిక్ ఊళ్ళో పంచవటి ఉంది. సీతారాములు పర్ణశాల వేసుకున్నది ఇక్కడేననీ, లక్ష్మణుడు శూర్పణఖ ముక్కు కోసినందుకే ఊరికి ఆ పేరొచ్చిందనీ చెబుతారు. బాపుగారి 'సంపూర్ణ రామాయణం' చూసినవాళ్ళకి ఆ ఘట్టం వేరే చెప్పక్కర్లేదు. తమాషా చూడండి... ముక్కు కోసిన ఊళ్ళోనే ఇవాళ ముక్కుకి చేతినిండా పని! వైన్ రుచిలో సగం పైగా వాసనే కదా!

సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకి ఈ ఊరు ఇంకో రకంగా పుణ్యక్షేత్రం. భారతీయ సినిమాకి పితామహుడు దాదాసాహెబ్ ఫాల్కే 1870లో పుట్టింది త్ర్యంబకేశ్వర్‌లోనే. బి.ఎన్.రెడ్డి, ఎల్.వి.ప్రసాద్, అక్కినేని, రామానాయుడు, విశ్వనాథ్... మనవాళ్ళందరూ అందుకున్న అవార్డు ఆయన పేరుదే. 1913లో 'రాజా హరిశ్చంద్ర' విడుదలయ్యాక ఆయన మకాం నాసిక్‌కి మార్చారు. 1944లో కన్నుమూసిందీ నాసిక్‌లోనే. పాండవ లేణీ గుహల కింద ఆయన పేర స్మారకం ఉంది.

'రాజా హరిశ్చంద్ర' కంటే ముందు ఫాల్కే ఒక చిట్టి సినిమా తీశారు. హీరో ఎవరో తెలుసా? బఠాణీ గింజ! కుండీలో విత్తు నాటి, కెమేరా ముందు పెట్టి, నెల పైగా రోజూ కాస్త కాస్త తీశారు. తెర మీద వేస్తే గింజ మొలకై, మొలక తీగై కళ్ళముందే పాకిపోయింది. పెట్టుబడి పెట్టేవాళ్ళకి ఆయన చూపించి నమ్మకం కలిగించింది ఆ బొమ్మే. మిగిలిన డబ్బు కోసం ఆయన భార్య సరస్వతీబాయి నగలు తాకట్టుకి వెళ్ళాయి.

విత్తు మొలకెత్తడం తెర మీద నిమిషంలో అయిపోతుంది. నేల మీద దానికి పట్టే రోజులు దానికి పట్టాల్సిందే. భార్య నగలు తాకట్టుకెళ్ళడం కూడా రైతు ఇంట్లో కొత్త సంగతేం కాదు. నాసిక్ ద్రాక్షతోటల్లో తిరుగుతున్నంతసేపూ ఈ రెండు ముక్కలూ నన్ను వదల్లేదు.

అమ్మ పేరు సులభ... పని సులభం కాదు!

నాసిక్‌లో ద్రాక్ష కొత్త కాదు. తినే ద్రాక్షకి ఈ జిల్లా ఎప్పటినుంచో పేరు మోసింది. థామ్సన్ సీడ్‌లెస్, సొనాకా, శరద్ అని రకరకాలు. వైన్ ద్రాక్ష మాత్రం నిన్నమొన్నటిది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో చదివి, ఒరాకిల్‌లో ఉద్యోగం చేసిన రాజీవ్ సామంత్ అనే యువకుడు 1990ల మొదట్లో ఆ ఉద్యోగం వదిలేసి గంగాపూర్ ఆనకట్ట దగ్గరున్న సొంత భూమికి వచ్చేశాడు. మామిడీ మరొకటీ ప్రయత్నించి, చివరికి వైన్ ద్రాక్ష నాటాడు. కాలిఫోర్నియా నుంచి కెర్రీ డామ్‌స్కీ అనే వైన్ నిపుణుణ్ణి తోడు తెచ్చుకున్నాడు. 1999లో కంపెనీ పెట్టి, అమ్మ సులభ పేరులోంచి 'సులా' అని నామకరణం చేశాడు. 2000లో మొదటి సీసా బయటికొచ్చింది.

2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ పరిశ్రమ కోసం ప్రత్యేక విధానం తెచ్చి, ఆ రాష్ట్రంలో పండిన ద్రాక్షతో చేసే వైన్‌కి పన్ను రాయితీలిచ్చింది. వించూర్‌లో వైన్ పార్కు వెలిసింది. ఒకటొకటిగా వైనరీలు లేచాయి. 2005లో సులా వాళ్ళు తోటలోనే రుచి గది తెరిచారు. 2008లో ఆ తోటలోనే సంగీతోత్సవం మొదలెట్టారు. అంతే! ముంబయి, పుణె కుర్రకారు శనివారం వస్తే చాలు కార్లేసుకుని బయల్దేరడం మొదలైంది. ఇవాళ ఆ ఒక్క తోటకే ఏటా లక్షల్లో జనం వస్తున్నారు.

సినిమా ఒక ఊరి జాతకం ఎలా మారుస్తుందో మీకు తెలుసు. 2004లో 'సైడ్‌వేస్' అనే హాలీవుడ్ చిత్రం వచ్చింది. ఇద్దరు స్నేహితులు కాలిఫోర్నియాలో శాంటా బార్బరా దగ్గరి ద్రాక్షతోటల్లో వారం తిరిగిన కథ. ఆ చిత్రం ఆడాక వాళ్ళు తిరిగిన తోటలకీ, తిన్న హోటళ్ళకీ జనం క్యూ కట్టారు. అందులో హీరో తెగ మెచ్చుకున్న రకం వైన్‌కి గిరాకీ పెరిగింది. తిట్టిన రకం డీలాపడింది! నాసిక్‌కి ఇంకా అలాంటి సినిమా దొరకలేదు. సెల్‌ఫోన్ ఫొటోలే ఆ పని చేసిపెడుతున్నాయి.

రుచి గదిలో ఏం చేస్తారు?

నేను వెళ్ళింది ఫిబ్రవరిలో. కోతల కాలం. రుచి గదిలో వరసగా నాలుగైదు గ్లాసులు పెట్టి, ఒక్కోదాంట్లో రెండు మూడు గుక్కలు పోస్తారు. ముందు రంగు చూడాలి. తరవాత గ్లాసు తిప్పాలి. వాసన పీల్చాలి. అప్పుడు ఒక్క గుక్క. దాన్ని నోట్లో అటూ ఇటూ తిప్పి మింగొచ్చు, లేదంటే పక్కనున్న పాత్రలో ఉమ్మేయొచ్చు. "ఇంత డబ్బిచ్చి ఉమ్మేస్తామా?" అని నా పక్కనున్న కుర్రాడు చివరి బొట్టుదాకా మింగి, మూడో గ్లాసుకే కుర్చీ వెతుక్కున్నాడు! చట్టం చెప్పిన వయసు రానివాళ్ళకి గ్లాసు ఇవ్వరు. తోట చూడటానికి మాత్రం ఎవరైనా వెళ్ళొచ్చు.

ఎరుపు, తెలుపు తేడా ఎలా వస్తుందనుకుంటున్నారు? రసం దాదాపు అన్నిటిదీ తెల్లగానే ఉంటుంది. నల్లద్రాక్ష తొక్కలతో కలిపి పులియబెడితే ఎరుపు వైన్. రసం మాత్రం పిండి పులియబెడితే తెలుపు. పులిసేటప్పుడు వేడి పెరిగితే వాసన చెడుతుంది కాబట్టి పెద్ద పెద్ద స్టీలు ట్యాంకుల్ని చల్లబరుస్తూ ఉంటారు. ఒక సీసాకి కిలో పైచిలుకు ద్రాక్ష పడుతుంది.

బయట పచ్చికలో పెద్ద తొట్టెలు పెట్టి ద్రాక్ష పోశారు. అమ్మాయిలూ అబ్బాయిలూ ప్యాంట్లు పైకి మడుచుకుని, పాట పెట్టుకుని తొక్కుడే తొక్కుడు! 1995లో వచ్చిన 'ఎ వాక్ ఇన్ ది క్లౌడ్స్'లో కీను రీవ్స్ చేసిన సీను గుర్తొచ్చింది. సరదా బాగానే ఉంది గానీ, ఈ రోజుల్లో వైన్ పిండేది కాళ్ళు కాదు, యంత్రాలు. తొట్టెలో నాట్యం మనకోసం వేసిన సెట్టింగు మాత్రమే. అసలు షూటింగు వేరేచోట జరుగుతోంది.

తెర వెనక యూనిట్

వైనరీలు వాడే ద్రాక్షలో చాలా భాగం వాటి సొంత తోటలది కాదు. చుట్టుపక్కల ఊళ్ళల్లో వందలమంది రైతులు ఒప్పందం మీద పండించి ఇస్తారు. దిండోరి వైపు అలాంటి ఒక ఇంట్లో రెండు రాత్రులు ఉన్నాను. అన్నదమ్ములిద్దరిది, ఐదెకరాలు. మూడెకరాల్లో తినే ద్రాక్ష, రెండెకరాల్లో వైన్ ద్రాక్ష. పెద్దాయన్ని ఊరంతా 'దాదా' అంటారు, నేనూ అలాగే పిలిచాను. ఆయన భార్యని 'వహినీ' అన్నాను. అంటే మన వదినమ్మే.

దాదా తెల్లవారకముందే తోటలో ఉన్నాడు. ఎండెక్కితే గుత్తి వేడెక్కిపోతుంది కాబట్టి కోత చల్లపూటే పూర్తి కావాలి. వైన్ ద్రాక్ష తినే ద్రాక్షలా బొద్దుగా ఉండదు. చిన్న గింజలు, మందం తొక్క, లోపల విత్తులు. అందుకే సంతలో ఎవరూ కొనరు. వైనరీ తీసుకోకపోతే అమ్ముకోవడానికి మరో చోటు లేదు. ఆ ముక్క గుర్తుపెట్టుకోండి, కథలో మలుపు అక్కడే ఉంది.

"చలిదేశాల్లో తీగ శీతాకాలం నిద్రపోతుంది భావూ. మా తీగకి నిద్రే లేదు. అందుకని ఏడాదికి రెండుసార్లు కత్తిరించాలి, పంట మాత్రం ఒక్కటే" అన్నాడు దాదా. ఏప్రిల్‌లో చేసేది 'ఖరడ్ ఛాటణీ'. ఆ ఎండల్లో వచ్చే కొత్త రెమ్మల్లోనే వచ్చే ఏటి పంట రూపుకడుతుంది. అక్టోబరులో చేసేది 'గోడీ ఛాటణీ'. గోడీ అంటే తీపి. ఆ కత్తిరింపుతో పూత, కాయ. జనవరి నుంచి మార్చి దాకా కోత. రెండుసార్లు ఖర్చు, ఒక్కసారి రాబడి. అక్టోబరు తరవాత వాన పడిందా, బూజు తెగులు పట్టుకుంటుంది. ఇక మందు ట్యాంకు దిగడానికి లేదు.

ఆ మందుల్లో పాతకాపు బోర్డో మిశ్రమం. మన రైతులకీ తెలిసిందే, మైలుతుత్తం, సున్నం. దానికో కథ ఉంది. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతంలో దారిన పోయేవాళ్ళు ద్రాక్ష కోసుకుపోతున్నారని, చూస్తే అసహ్యం పుట్టేలా రైతులు రోడ్డు పక్క తీగల మీద ఈ నీలం పూత చల్లేవారట. దొంగల సంగతేమో గానీ, పూసిన తీగలకి తెగులు రాలేదు. మిలార్డే అనే ప్రొఫెసర్ అది గమనించి, 1885లో ప్రపంచానికి చెప్పాడు. దొంగల కోసం వేసిన వేషం డాక్టరు వేషమై కూర్చుంది!

హిట్లూ ఫ్లాపులూ

తినే ద్రాక్షతో పోలిస్తే వైన్ ద్రాక్షలో లాభమేమిటని అడిగాను. దాదా వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. తినే ద్రాక్ష ఎకరానికి పది టన్నులు కాయిస్తే, వైన్ ద్రాక్షని నాలుగైదు టన్నుల దగ్గరే ఆపేయాలి. ఎక్కువ కాస్తే రుచి పలచబడుతుంది. తినే ద్రాక్షకి గుత్తి గుత్తినీ హార్మోను మందులో ముంచాలి, కాయల్ని పలచన చెయ్యాలి, సైజు రావాలి. వైన్ ద్రాక్షకి ఆ సింగారం అక్కర్లేదు. ధర ఒప్పందం కాగితం మీద ముందే రాసి ఉంటుంది.

"తినే ద్రాక్ష పెద్ద హీరో సినిమాలాంటిది. ఆడితే ఇల్లు కట్టుకోవచ్చు, పోతే ఉన్న ఇల్లు పోతుంది. వైన్ ద్రాక్ష నెల జీతం లాంటిది" అన్నాడు. నేను సినిమా పత్రికకి రాస్తానని విన్నాక చెప్పిన పోలిక అది. కానీ అతికినట్టుంది.

మరి ఆ జీతమైనా గ్యారంటీయా? 2008–09 సంగతి ఈ ప్రాంతంలో ఎవరిని కదిపినా చెబుతారు. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం, ఆపైన ముంబయి మీద ఉగ్రవాదుల దాడి. హోటళ్ళు ఖాళీ. వైన్ అమ్మకాలు పడిపోయి ట్యాంకుల్లో సరుకు నిలిచిపోయింది. కొన్ని వైనరీలు ద్రాక్ష తీసుకోలేమన్నాయి. సంతలో చెల్లని పంట! నాటిన మూడో ఏటికి గానీ సరిగా కాపుకి రాని తీగల్ని, బిడ్డల్లా పెంచినవాటిని రైతులే పీకి పడేశారు. దాదా కూడా అప్పుడు ఎకరం పీకాడు. ఆ కొయ్యలు చాలారోజులు వంటచెరకు అయ్యాయని వహినీ చెప్పింది. చెబుతున్నప్పుడు ఆవిడ మా వైపు చూడలేదు.

తినే ద్రాక్ష వాళ్ళకీ సుఖం లేదు. 2010లో మొక్క ఎదుగుదలని అదుపు చేసే ఒక మందు అవశేషాలున్నాయని ఐరోపా దేశాలు మన ద్రాక్షని ఆపేశాయి. 2014 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వడగళ్ళు కోతకొచ్చిన గుత్తుల్ని నేలపాలు చేశాయి. 2020 మార్చిలో పంట చేతికొచ్చేవేళకి కరోనా లాక్‌డౌన్.

ఈ దెబ్బలు తిని తిని ఒక పాఠం నేర్చుకున్నవాళ్ళూ ఉన్నారు. దిండోరి తాలూకా మొహాడీలో 'సహ్యాద్రి ఫార్మ్స్' అని రైతులే వాటాదారులుగా ఒక కంపెనీ నడుస్తోంది. విలాస్ శిందే అనే రైతు చొరవతో కొద్దిమందితో మొదలై, ఇవాళ దేశంలో ద్రాక్ష ఎగుమతుల్లో మొదటి వరసలో నిలిచింది. ఐదెకరాల రైతు ఒక్కడే ఐరోపా కొనుగోలుదారుతో బేరమాడలేడు. వెయ్యిమంది కలిస్తే ఆడగలరు. అంతే సూత్రం!

టైటిల్స్‌లో పేరు పడనివాళ్ళు

కోతలో ఉన్న ఆడవాళ్ళెవరూ ఆ ఊరివాళ్ళు కారు. పేఠ్, సురగాణా కొండ తాలూకాల నుంచి వచ్చిన ఆదివాసీలు. అక్కడ వానాకాలపు వరి తప్ప రెండో పంటకి నీళ్ళు లేవు. దీపావళి వెళ్ళగానే మూటాముల్లే సర్దుకుని ద్రాక్ష ఊళ్ళకి దిగుతారు. కత్తిరింపు, పలచన చెయ్యడం, ముంచడం, కోత... గుంపుగా ఎకరానికి ఇంత అని గుత్తకి ఒప్పుకుంటారు. వాళ్ళ చేతుల వేగం చూడాలి, కత్తెర కనిపించదు, గుత్తి గంపలో కనిపిస్తుంది!

ఒక చిత్రం చెప్పనా? ఎక్కువ వాన పడేది వాళ్ళ కొండల్లోనే. ఆ నీళ్ళు నిలిచేది కింద. నీటి తగువు అక్కడితో ఆగదు. నాసిక్ పైనున్న ఆనకట్టలు నిండితేనే కింద పైఠాన్ దగ్గర జాయక్‌వాడికి నీళ్ళు. కరువు ఏడాదిలో పైవాళ్ళు కిందివాళ్ళకి నీళ్ళు వదలాలని 2005 నాటి చట్టం ఆధారంగా ఆదేశాలొస్తాయి. వదిలినప్పుడల్లా నాసిక్ రైతు గొడవ, వదలకపోతే మరాఠ్వాడా రైతు గొడవ. ఆ కింద మన శ్రీరాంసాగర్. ఒకే నది మీద ఎన్ని కళ్ళో! దాదా తోటలో బిందు సేద్యం గొట్టం లేని తీగ లేదు. నీళ్ళ విలువ ఆ ఇంటికి ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండు గదులు, ఒక తగువు

2020లో మహారాష్ట్ర ప్రభుత్వం వ్యవసాయ పర్యాటక విధానం ప్రకటించింది. రైతు తన పొలంలోనే అతిథులకి వసతి పెట్టుకుని పేరు నమోదు చేసుకోవచ్చు. దాదా కోడలు, డిగ్రీ చదివిన పిల్ల, తోట పక్కన రెండు గదులు వేయించింది. జొన్న రొట్టె, శనగపిండితో చేసే పిఠ్లా, పచ్చిమిరప ఠేచా. ఆ ఠేచా ఒక వేలితో నాకితే గుంటూరువాడైనా మంచినీళ్ళడగాలి! పొద్దున్నే అతిథుల్ని తోటలోకి తీసుకెళ్ళి కత్తెర చేతికిస్తుంది. ఒక గంప కోసేసరికి అందరి నడుమూ పట్టేస్తుంది. ఆ తరవాత ద్రాక్ష ధర గురించి ఎవరూ బేరమాడరు.

"పంట డబ్బు ఏడాదికోసారే వస్తుంది. గదుల డబ్బు చిన్నదే అయినా మే నెలలో వస్తుంది, జూలైలో వస్తుంది. మందుల షాపులో అప్పు పెట్టకుండా గడిచిన ఏడాది ఇదే మొదటిది" అంది ఆ అమ్మాయి. "వైనరీకి కార్లు బారులు తీరుతాయి. అందులో ఒక్క కారు మా వైపు తిరిగినా మాకు పండగే!"

అయితే ఆ ఇంట్లో అందరిదీ ఒకే మాట కాదు. తోటలు చూడటానికి జనం పెరిగేకొద్దీ భూమి ధర పెరిగింది. రిసార్టులు, వారాంతపు బంగళాలు కట్టేవాళ్ళు ఊళ్ళ వెంట తిరుగుతున్నారు. తమ్ముడికి అమ్మేద్దామని ఉంది. ఆయన్ని తప్పుపట్టలేం. ఇద్దరు పిల్లల చదువు, వడగళ్ళ ఏటి బాకీ ఇంకా మిగిలే ఉంది. "ముప్ఫైయేళ్ళు తీగకి మందు కొట్టాను. నా ఊపిరితిత్తులకి ఎవరు కొడతారు?" అన్నాడు రాత్రి భోజనాల దగ్గర. ఎవరూ జవాబు చెప్పలేదు. రెండెకరాల వైన్ ఒప్పందం గడువు ఈ ఏడాదితో సరి. వచ్చే గోడీ ఛాటణీ లోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి.

ఆ రాత్రి నాకు హైదరాబాద్ గుర్తొచ్చింది. ఒకప్పుడు దక్షిణాదిలో ద్రాక్ష అంటే హైదరాబాదే! అనాబ్-ఎ-షాహీ... రాజుల ద్రాక్ష అని పేరులోనే ఉంది. పొడుగాటి లేతపచ్చ కాయ, నోట్లో వేసుకుంటే తేనె. కొంపల్లి, మేడ్చల్ దారుల్లో పందిళ్ళకి గుత్తులు వేలాడేవని మీ ఇంట్లో పెద్దవాళ్ళనడగండి, చెబుతారు. నగరం పెరిగింది, బోర్లలో నీళ్ళు తరిగాయి, పందిళ్ళ చోట కాలనీలు లేచాయి. ఇవాళ ఆ రోడ్డు పక్కన బండి మీద ద్రాక్ష కొంటే అది నాసిక్ నుంచో సాంగ్లీ నుంచో వచ్చి ఉంటుంది.

ఇందులో ఒక చిక్కుముడి ఉంది చూశారా! జనం వచ్చేది తోట అందంగా ఉందని. జనం వచ్చారని భూమి ధర పెరుగుతుంది. ధర పెరిగిందని తోట పోతుంది. తోట పోయాక జనం దేనికొస్తారు? ఈ ముడి విప్పడం వైనరీల చేతిలో కొంత, ప్రభుత్వం చేతిలో కొంత ఉంది. 2022 జనవరిలో సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్మకానికి మహారాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకుంటే, రైతుకి గిరాకీ పెరుగుతుందని కొందరన్నారు. తాగుడు ఇంటింటికీ వస్తుందని అన్నా హజారే లాంటివారు అడ్డు చెప్పారు. ఆ నిర్ణయం అమలుకి రాలేదు. రెండు వాదాల్లోనూ బలముంది. నాకు తోచిందేమంటే, అమ్మకం ఎన్ని సీసాలు పెరిగిందన్న లెక్కతో ఆ ఐదెకరాల ఇల్లు నిలవదు. ఆ సీసా మీద, ఆ గది మీద వచ్చే రూపాయిలో రైతు వాటా ఎంత, అది ఎన్నేళ్ళపాటు రాతపూర్వకంగా ఉంటుంది అన్న దాని మీదే నిలుస్తుంది.

శాతకర్ణి సంతకం

నాసిక్ వెళ్ళినవాళ్ళు పాండవ లేణీ గుహలు ఎక్కకుండా రాకండి. పేరుకి పాండవులవి గానీ అవి బౌద్ధ గుహలు. మెట్లెక్కితే మన శాతవాహనులు పలకరిస్తారు. 2017లో క్రిష్ తీసిన 'గౌతమిపుత్ర శాతకర్ణి'లో బాలకృష్ణ కత్తి తిప్పడం చూశారు కదా, ఆ మహారాజు విజయాలన్నీ తల్లి గౌతమీ బాలశ్రీ రాయించిన శాసనం ఇక్కడి మూడో గుహలోనే ఉంది.

కానీ నన్ను ఆపేసింది ఆ విజయగాథ కాదు. అదే గుహలో ఇంకో శాసనం ఉంది. కొండ మీద ఉండే భిక్షువులకి రాజుగారు ఒక ఊళ్ళో పొలం దానం చేశారు. కొన్నాళ్ళకి తెలిసిందేమిటంటే, ఆ పొలం ఎవరూ దున్నడం లేదు, ఆ ఊళ్ళో మనుషులే ఉండటం లేదు. రాజుగారు, రాజమాత కలిసి దానికి బదులు పట్నం పొలిమేరలో వేరే పొలం వంద నివర్తనాలు ఇమ్మని అధికారికి ఉత్తరువు పంపారు. అదే ఆ శాసనం.

దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ళ కిందటి మాట! పశ్చిమాన క్షహరాతుల్ని మట్టికరిపించినంతటి వీరుడికి కూడా, దున్నేవాడు లేని పొలం దానమివ్వడానికి పనికిరాలేదు. రిజిస్ట్రారాఫీసు గోడ మీద చెక్కించాల్సిన ముక్క కాదూ?

మీరు వెళితే...

జనవరి నుంచి మార్చి మొదటి వారం దాకా మంచి కాలం. పగలు హాయిగా ఉంటుంది, రాత్రి శాలువా కావాలి. జూలై, ఆగస్టుల్లో కొండలు పచ్చగా, జలపాతాలతో సినిమా సెట్టింగులా ఉంటాయి గానీ గుత్తులు కనిపించవు. శని, ఆదివారాలు వదిలెయ్యండి, గ్లాసు కంటే క్యూ పొడుగ్గా ఉంటుంది. రుచి చూసేవాళ్ళు కారు నడపొద్దు, ఘాట్ రోడ్లు రీటేకులివ్వవు.

ఒక రోజు త్ర్యంబకేశ్వర్, బ్రహ్మగిరికి ఉంచుకోండి. ఒక పూట ఫాల్కేగారికి. పెద్ద వైనరీ ఒక్కటి చూస్తే చాలు, మిగతావి దాదాపు అవే ట్యాంకులు. ఆ మిగిలిన రోజు ఏదో ఒక ఊళ్ళో రైతు ఇంట్లో ఉండండి. కత్తెర పట్టుకోండి. వచ్చేటప్పుడు ద్రాక్ష, కిస్‌మిస్ వాళ్ళ దగ్గరే కొనండి. తోటలో ఫొటో దిగేముందు అడగండి, తీగ మీద చెయ్యి వేసి వేలాడకండి. మీకది బ్యాక్‌గ్రౌండ్, వాళ్ళకి అది వచ్చే ఏటి బడిఫీజు.

మొన్న దాదాకి ఫోన్ చేశాను. తమ్ముడు ఇంకా మెత్తబడలేదట. కొత్త ఒప్పందం ఐదేళ్ళకి కాదు, పదేళ్ళకి రాసిస్తేనే సంతకం పెడతామని కోడలు వైనరీవాళ్ళకి కబురు పంపిందట. జవాబు రావాలి. "మరి కత్తెర్లు?" అనడిగాను. "సాన పట్టించి ఉంచాను భావూ" అన్నాడు.